సి డ్రైవ్ వెనక ఉన్న మనిషి

మొన్న ఓఎస్ ల్యాబ్ వైవాలో బ్యాచ్, టైమ్ షేరింగ్, రియల్ టైమ్ అంటూ రకాలన్నీ గడగడా అప్పజెప్పేశాను. అప్పుడు సార్, నీ ల్యాప్‌టాప్‌లో సి డ్రైవ్ ఉంది కదా, మరి ఏ, బీ ఏమయ్యాయని అడిగారు. నోట మాట రాలేదు. ఆ రాత్రి హాస్టల్‌లో వెతుకుతుంటే గ్యారీ కిల్డాల్ పేరు తగిలింది.

నిజానికి ఆ పేరు నాకు కొత్త కాదు. ఐబీఎం వాళ్లు ఓఎస్ కోసం ఇంటికొస్తే, సరదాగా విమానం నడుపుకుంటూ పోయి కోట్లు పోగొట్టుకున్న మనిషట. ఆ జోక్‌ని మా క్లాస్ గ్రూప్‌లో ఫార్వర్డ్ చేసింది నేనే.

కిల్డాల్ 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టారు. వాళ్లది నౌకాయానం నేర్పే బడి నడిపిన కుటుంబం. 1972లో పీహెచ్‌డీ పూర్తిచేసి, మాంటెరేలోని నేవీ పీజీ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. అప్పట్లో కంప్యూటర్ అంటే పెద్ద మెషీన్. పదిమంది పది టెర్మినల్స్ ముందు కూర్చుని దాన్ని పంచుకోవాలి. మనం పరీక్షలో రాసే టైమ్ షేరింగ్ అదే. ఇంటెల్ చిన్న చిప్ చేతికొచ్చాక, ఒక్కో మనిషికి సొంతంగా ఒక కంప్యూటర్ ఉండొచ్చని ఆయనకి అనిపించింది. ఫ్లాపీ డ్రైవ్ సంపాదించారు గానీ, దాన్ని చిప్‌తో కలిపే కంట్రోలర్ లేదు. స్నేహితుడు జాన్ టొరోడ్ అది తయారుచేసి ఇచ్చాక, 1974లో సీపీ/ఎం నడిచింది. ఒక యూజర్, ఒకసారికి ఒకే పని: సింగిల్ యూజర్, సింగిల్ టాస్కింగ్ ఓఎస్. డ్రైవ్‌లకి అందులో ఏ, బీ అని అక్షరాలే పేర్లు.

ఇక్కడే అసలు గొప్ప పని జరిగింది. ఒక్కో కంపెనీ మెషీన్ ఒక్కోలా ఉండేది. ప్రతిదానికీ ఓఎస్ మొత్తం తిరగరాయలేక, హార్డ్‌వేర్‌తో మాట్లాడే ముక్కని విడదీసి దానికి బయోస్ అని పేరు పెట్టారు. ఆ ముక్క మారిస్తే చాలు, మిగతాదంతా అలాగే నడుస్తుంది. 1979లో పలువురు యూజర్లు వాడుకునే ఎంపీ/ఎం కూడా వాళ్ల కంపెనీ నుంచే వచ్చింది.

1980లో ఐబీఎం వాళ్లు వచ్చిన రోజు ఆయన విమానంలో వెళ్లిన మాట నిజమే, కానీ వెళ్లింది వ్యాపారం పనిమీద. ఒప్పందం కుదరలేదు. మైక్రోసాఫ్ట్, సీపీ/ఎంని పోలిన వేరే ఓఎస్‌ని కొని ఐబీఎంకి ఇచ్చింది. కిల్డాల్ అభ్యంతరం చెప్పాక ఐబీఎం రెండూ అమ్మింది. కాకపోతే డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం 240. ఎవరు ఏది కొంటారో చెప్పాలా? డాస్‌తో పాటు ఆ డ్రైవ్ అక్షరాలూ వచ్చేశాయి. ఏ, బీ ఫ్లాపీలకి పోగా, హార్డ్ డిస్క్ సి అయింది. ఫ్లాపీలు పోయాయి, సి మిగిలింది.

1994లో తలకి తగిలిన దెబ్బతో, 52 ఏళ్లకే ఆయన పోయారు. విమానం కథ మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

పొద్దున్నే సార్‌కి జవాబు చెప్పొచ్చాను. మార్కులు మారలేదు. గ్రూప్‌లో ఆ పాత జోక్ కిందే ఇదంతా పెట్టాను.