ఉర్దూలో లెక్కలు నేర్చి కేంబ్రిడ్జి దాకా వెళ్ళిన మన హైదరాబాదీ
డాక్టర్ రజీయుద్దీన్ సిద్దీఖీ జీవిత విశేషాలు

మన మొగుడంపల్లిలో పదవ తరగతి ఫలితాలు వచ్చిన మరునాడు మా ఇంటికి తల్లిదండ్రులు వస్తారు. ప్రతి యేడూ ఉన్నదే. అందరి ప్రశ్నా ఒకటే. పిల్లవాడికి లెక్కల్లో మార్కులు బాగానే వచ్చినవి గాని ఉర్దూ మీడియం గదా, ఇంటర్‌లో ఎం.పి.సి. తీసుకుంటే నెగ్గుకొస్తాడా అని. చివరకు చాలామంది లెక్కలు వదిలిపెట్టి వేరే గ్రూపులో చేరుస్తారు.

మొన్నటి యేడు ఒక తండ్రి తన బిడ్డను వెంటబెట్టుకొని వచ్చినారు. ఆ అమ్మాయి లెక్కల్లో ఎమ్మెస్సీ దాకా చదువుతానని పట్టుబట్టిందట. ఉర్దూ బడి పిల్లకు అది అయ్యే పనేనా అని ఆయన సందేహం. ఆయనకు జవాబుగా మేము ఒక పెద్దమనిషి సంగతి చెప్పినాము. అదే ఇక్కడ సభ్యులందరి కోసం వ్రాస్తున్నాము.

డాక్టర్ ముహమ్మద్ రజీయుద్దీన్ సిద్దీఖీ గత శతాబ్దపు తొలి సంవత్సరాలలో హైదరాబాదులో జన్మించినారు. అప్పుడు మన జహీరాబాదు ప్రాంతం నిజాం రాజ్యంలో, బీదరు జిల్లాలో ఉండేది. 1956లోనే మెదక్ జిల్లాలో కలిసింది. కాబట్టి ఆయన ఏ రాజ్యంలో చదివినారో మన తాతలదీ అదే రాజ్యం.

ఆ రోజుల్లో కలకత్తా, మద్రాసు, బొంబాయి విశ్వవిద్యాలయాలలో పైచదువంతా ఇంగ్లీషులోనే నడిచేది. దానికి భిన్నంగా ఉర్దూ బోధనా భాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టాలని 1917లో ఉత్తర్వు వెలువడింది. 1918లో అది స్థాపన అయ్యింది. ఇంగ్లీషును తీసివేయలేదు, తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచినారు.

అయితే పుస్తకాలేవి? వాటి కోసమే 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పినారు. దాని బాధ్యతను మౌల్వీ అబ్దుల్ హఖ్ గారు వహించినారు. పండితులు కూర్చొని ఒక్కొక్క శాస్త్ర పదానికి ఉర్దూ మాటను నిర్ణయించేవారు. లెక్కల విషయంలో పునాది ముందే ఉన్నది. త్రిభుజానికి ముసల్లస్, వృత్తానికి దాయిరా, కోణానికి జావియా అన్న మాటలు పాతకాలం నుండి వచ్చినవే. ఇంగ్లీషువారి ఆల్జీబ్రా అన్న మాట సైతం తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో ఉండిన అల్ ఖ్వారిజ్మీ గ్రంథం పేరులోని జబ్ర్ నుండి పుట్టినదే గదా. కాని కాలిక్యులస్ వంటి కొత్త గణితానికి మాటలు కూర్చుకోక తప్పలేదు.

ఇలా తయారైన చదువుతో రజీయుద్దీన్ గారు 1925లో ఉస్మానియా నుండి గణితంలో బి.ఏ. పట్టా పొందినారు. విశ్వవిద్యాలయానికి అప్పటికి ఏడేళ్ళ వయసు. దేశ భాషలో నేర్చిన లెక్కలు బయట చెల్లుతాయా అన్న అనుమానం ఉండనే ఉన్నది. ఆ అనుమానానికి జవాబు ఆయన చదువే చెప్పింది.

అక్కడి నుండి ఆయన ఇంగ్లండులోని కేంబ్రిడ్జికి వెళ్ళినారు. 1928లో అక్కడ గణితంలో ఎం.ఏ. ముగించినారు. అప్పుడు కేంబ్రిడ్జిలో ఎడింగ్టన్ ఉన్నారు. 1919 సూర్యగ్రహణ సమయంలో నక్షత్రాల వెలుగు వంగడాన్ని కొలిచి ఐన్‌స్టీన్ సిద్ధాంతానికి బలం చేకూర్చినది ఆయనే. 1933లో నోబెల్ బహుమతి పంచుకున్న డిరాక్ అప్పటికింకా యువకుడు. ఇటువంటి ఉస్తాదుల నడుమ మన హైదరాబాదు విద్యార్థి కూర్చున్నాడు.

తరువాత జర్మనీలోని లైప్జిగ్‌లో డాక్టరేటు చేసినారు. హైజెన్‌బర్గ్ అప్పుడు అక్కడే ప్రొఫెసరు. 1932లో జర్మనీ గణిత పత్రిక మాథెమాటిషె త్సైట్‌ష్రిఫ్ట్‌లో రజీయుద్దీన్ గారి వ్యాసం జర్మన్ భాషలోనే అచ్చయ్యింది.

ఆ వ్యాసంలోని విషయం ఇంటి ఆడవాళ్ళకు గూడా అర్థమయ్యేట్టు చెప్పవచ్చు. మన వైపు బెల్లం వండే పెనం ఉంటుంది గదా. పొయ్యి దగ్గరి వేడి క్రమంగా అంచులకు ప్రాకుతుంది. ఏ క్షణాన ఏ చోట ఎంత వేడి ఉంటుందో చెప్పే సమీకరణాలు ఉన్నవి. పాకం చిక్కబడే కొద్దీ వేడి ప్రాకే తీరు గూడా మారిపోతే లెక్క మరీ చిక్కు పడుతుంది. అటువంటి చిక్కు సమీకరణాలకు జవాబు ఉన్నదని ఎలా నిరూపించాలి అన్నదే ఆయన పరిశోధన.

విదేశంలోనే ఉండిపోకుండా 1930ల మొదట్లో తిరిగివచ్చి ఉస్మానియాలో గణితం బోధించినారు. క్వాంటం మెకానిక్స్ మీద తన ఉపన్యాసాలను ఇంగ్లీషులో పుస్తకంగా తెచ్చినారు. ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతాన్ని వివరిస్తూ ఉర్దూలో పుస్తకం వ్రాసినారు. ఇక్బాల్ కవిత్వంలో కాలం, స్థలం అన్న భావనల మీద గూడా ఉర్దూలో వ్రాసినారు.

1948 తరువాత ఉస్మానియాలో బోధన ఇంగ్లీషులోకి మారిపోయింది. 1950లో ఆయన పాకిస్తాను వెళ్ళిపోయినారు. అక్కడ పెషావర్, సింధ్ విశ్వవిద్యాలయాలకు వైస్ ఛాన్సలర్‌గా పనిచేసి, 1960లలో ఇస్లామాబాద్ విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి తొలి వైస్ ఛాన్సలర్ అయినారు. 1998 జనవరిలో కన్నుమూసినారు. ఆయన వెళ్ళిపోవడం మన హైదరాబాదుకు నష్టమే. కాని ఇక్కడ ఆయన నేర్చిన తీరు మనకు మిగిలి ఉన్నది.

ఆ తీరు ఏమిటో సరిగా అర్థం చేసుకోవాలి. ఉర్దూ ఒక్కటే చాలు, ఇంగ్లీషు వద్దు అని ఆయన జీవితం చెప్పడం లేదు. ఆయన జర్మన్‌లో పరిశోధన వ్రాసినారు, ఇంగ్లీషులో ఉపన్యాసాలు వ్రాసినారు, ఉర్దూలో మన జనానికి వివరించినారు. లెక్క ఒక్కటే, భాషలు మూడు. ముందు తన భాషలో విషయం గట్టిగా పట్టుకున్నారు, తరువాత ఒక్కో భాషను దాని మీద కట్టుకుంటూ పోయినారు.

మా సంగతి గూడా దాచడం లేదు. మేము ఉర్దూలో పదవ తరగతి చదివి ఇంటర్‌లో చేరినప్పుడు, బోర్డు మీద లెక్క చూస్తే అర్థమయ్యేది, నోటి మాట వింటే అర్థమయ్యేది కాదు. మేము జావియా అని నేర్చిందే యాంగిల్ అని తెలియడానికి రోజులు పట్టింది. అడగడానికి సిగ్గు. ఎట్లనో బి.ఎస్సీ. గట్టెక్కినాము గాని భయంతో ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు గూడా పెట్టలేదు. మాకు కొరతపడినది తెలివి కాదు, కొన్ని వందల మాటలు. ఆ బాధ ఇప్పటికీ ఉన్నది.

అందుకే మా తరగతి పిల్లల చేత నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీయిస్తాము. ముసల్లస్, త్రిభుజం, ట్రయాంగిల్. దాయిరా, వృత్తం, సర్కిల్. రోజుకు అయిదు మాటలు వ్రాస్తే ఏడాది తిరిగేసరికి ఇంటర్‌కు కావలసినవి చాలా వరకు చేతికి వస్తాయి. దీనికి ఖర్చు ఒక నోటు పుస్తకం.

ఇంకొక మాట. రజీయుద్దీన్ గారు పోయిన 1998 జనవరిలోనే హైదరాబాదులో మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం మొదలైంది. అక్కడ లెక్కల్లో ఎమ్మెస్సీ ఉన్నది. ఉస్మానియాలో ఇంగ్లీషులో ఉన్నది. రెండు తలుపులూ మన పిల్లలకు తెరిచే ఉన్నవి.

ఆ తండ్రి మా మాట విని బిడ్డను ఎం.పి.సి.లోనే చేర్చినారు. ఆ అమ్మాయి మూడు గళ్ళ పుస్తకం ఇప్పుడు రెండవది నడుస్తున్నది. ఎమ్మెస్సీ ఇంకా దూరమే. అయినా, ఈ యేడు ఫలితాల నాడు మా ఇంటికి వచ్చే తల్లిదండ్రులకు మా మనవి ఒక్కటే. పిల్లలకు లెక్కలు ఇష్టం లేకపోతే మానిపించండి, తప్పు లేదు. ఇష్టం ఉండి, ఉర్దూలో చదివినారన్న ఒక్క కారణానికి మాత్రం మానిపించకండి.