కందుకూరి వీరేశలింగము పంతులుగారు: కథయును కార్యమును

నియోగిశాఖయందు జన్మించి, స్వకులస్థులచేతనే వెలివేయబడి, నేడు ఆ కులమువారి సభలలోనే చిత్రపటమై పుష్పమాలల నందుకొనుచున్న మహనీయులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వారి చరిత్రము మన సభ్యులలో పలువు రెరిగినదే. గడచినకాలపు టనుభవము వారి కథలోని కెట్లు వచ్చెనో, ఆ కథ నిలిచిపోయినచోట వారి కార్య మెట్లు మొదలయ్యెనో చూపుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీని రాజమహేంద్రవరమున సుబ్బారాయుడుగారికిని పున్నమ్మగారికిని జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయమున తండ్రిని గోలుపోయి, పెదతండ్రియగు వెంకటరత్నముగారి పోషణమున పెరిగిరి. శరీరము రోగపీడితము, ఇంట దయ్యముల భయము, వాకిట భూతవైద్యుల రాకపోకలు. నమ్మదగనిదానిని నమ్మకుండుట ఆ బాలు డచ్చటనే నేర్చెను.

1874లో ధవళేశ్వరమున పాఠశాలకు ప్రధానోపాధ్యాయులై, ఆ యేటనే బాలికలకు పాఠశాలను, వివేకవర్ధని యను పత్రికను స్థాపించిరి. 1878లో ఆ పత్రికయందే రాజశేఖరచరిత్రమును ప్రకటింప మొదలిడిరి. 1880లో నది గ్రంథరూపమున వెలువడెను. ఆంగ్లకవి గోల్డుస్మిత్తు రచించిన నవల దీనికి ప్రేరణమే యైనను, ఇందలి జనులును ఆచారములును గోదావరీతీరమువే. కథానాయకుడు ధవళేశ్వరవాసి. ముఖస్తుతులకు మురిసి ధనము వెచ్చించి, బంగారము చేసెదనన్న కపటయోగిని నమ్మి, ఉన్నది పోగొట్టుకొని సకుటుంబముగా కాశికి బయలుదేరును. ఇట్టి వంచకులను పంతులుగారు పరదేశపు పుస్తకమునుండి తెచ్చుకొన నక్కఱలేకపోయెను.

అయినను ఈ కథలో ఒకచోట వారు వెనుదీసిరని మా యభిప్రాయము. రాజశేఖరుని కూతురు రుక్మిణి. ఆమె భర్త పరదేశమున మరణించెనని వార్త వచ్చును. తుదకతడు సజీవుడై తిరిగివచ్చును. ఆమె దుఃఖము వార్త కల్ల యగుటచేత తొలగెనే కాని, ఆచారము మారుటచేత తొలగలేదు. మన యిండ్లలో తెల్లచీర కట్టిన బాలికల కెవ్వరికి భర్త తిరిగి వచ్చెను? కథకుడు దాటవేసిన యీ ప్రశ్న సంస్కర్తను విడువలేదు. 1879లో వితంతువివాహము శాస్త్రసమ్మతమని బహిరంగోపన్యాసము చేసిరి. 1881 డిసెంబరు 11వ తేదీని రాజమహేంద్రవరమున తమ యింటనే గోగులపాటి శ్రీరాములుగారికిని గౌరమ్మగారికిని వివాహము జరిపించిరి. కథ గ్రంథరూపమున వెలువడిన మరుసటియేటనే యీ కార్యము!

వెంటనే వెలి వచ్చెను. బంధువులు రాకపోకలు మానిరి; వంటవారు దొరకరైరి. రాజ్యలక్ష్మమ్మగారు తామే గోదావరికి పోయి నీరు తెచ్చి, తామే వండి, ఆశ్రయము గోరి వచ్చిన బాలవితంతువులకు తల్లియైరి. ఈమెను చెప్పక పంతులుగారిని మాత్రమే చెప్పుట అన్యాయము. ధనసహాయము చేసినవారిలో మొదటివారు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు, పదివేల రూపాయలిచ్చిరి. వీరు వైశ్యులు. మనవారు తలుపులు మూసిన దినములలో తలుపు తెరచినది అన్యకులస్థు లగుట మన పోషకులు గమనింతురు గాక.

1887లో రాజశేఖరచరిత్రము హచ్చిన్సనుదొర యాంగ్లానువాదముగా లండనులో వెలువడెను. 1893లో ప్రభుత్వమువారు పంతులుగారికి రావుబహద్దరు బిరుదమిచ్చిరి. వీనికంటె ముఖ్యము, 1906లో హితకారిణీసమాజమును స్థాపించి తమ యాస్తిని దానికి ధారపోయుట. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి. మరుసటియేట స్వీయచరిత్రముయొక్క మొదటిభాగము వెలువడెను. రాజశేఖరచరిత్రమును చదివినవారు ఆ పుటలలో దయ్యములను, మాంత్రికులను మరల కలిసికొని, ఏది కథయో ఏది జీవితమో యని తడబడుదురు.

1919 మే 27వ తేదీని చెన్నపురిలో కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట పంతులుగారు దేహము చాలించిరి. నాటికి వారిచేత వివాహితులైన వితంతువుల బిడ్డలు పెరిగి పెద్దవారై, వారికిని సంతానము కలుగుచుండెను.