కారు డిక్కీలో గడ్డలు తీసుకెళ్లిన ప్రొఫెసర్

1955 జులై 21. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరానికి దగ్గర్లో ఉన్న రెన్‌ఫ్రూ. అక్కడి బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ బాయిలర్ల కర్మాగారానికి ఆ రోజు రెండు కార్లు వచ్చాయి. డిక్కీల నిండా ఆపరేషన్లలో తీసిన గడ్డలే. కొన్ని గర్భసంచిలో పెరిగిన ఫైబ్రాయిడ్లు, కొన్ని అండాశయం నుంచి తీసిన నీటితిత్తులు. తెచ్చినాయన గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ప్రసూతి వైద్య ప్రొఫెసర్ ఇయాన్ డొనాల్డ్. పోల్చి చూసుకోవడానికి కర్మాగారం వాళ్లు ఒక పెద్ద మాంసం ముక్క కూడా సిద్ధంగా ఉంచారు.

ఉక్కులో పైకి కనిపించని పగుళ్లను పట్టుకునే యంత్రం అక్కడ ఉండేది. మన చెవికి అందని ధ్వనిని లోహంలోకి పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని తెర మీద గీతలుగా చూపేది. డొనాల్డ్ దాన్ని తాను తెచ్చిన గడ్డల మీద పెట్టి చూశారు. నీటితిత్తిలో ధ్వని అడ్డులేకుండా సాగిపోయి, అవతలి గోడకు తగిలి గట్టిగా వెనక్కొచ్చింది. మధ్యలో అంతా ఖాళీ. ఫైబ్రాయిడ్ అలా కాదు, గట్టి కండ. లోపలికి పోయేకొద్దీ ప్రతిధ్వనులు సన్నగిల్లుతూ వచ్చాయి. ఏది నీళ్ల గడ్డో, ఏది కండ గడ్డో కత్తి పెట్టకుండానే తేలిపోయింది.

అల్ట్రాసౌండ్ అంటే కడుపులో బిడ్డను చూసే యంత్రమనే చాలామంది అనుకుంటారు. డొనాల్డ్ దాంతో మొదట చూసింది బిడ్డల్ని కాదు, ఈ గడ్డల్నే.

ఆయన 1910లో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో పుట్టారు. డిగ్రీ దక్షిణాఫ్రికాలో చదివి, లండన్‌లోని సెయింట్ థామస్ వైద్య కళాశాలలో 1937లో డాక్టరయ్యారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేశారు. మంటలంటుకున్న విమానంలో ఇంకా బాంబులుండగానే లోపలికెళ్లి సిబ్బందిని బయటికి లాగినందుకు ఎంబీఈ పురస్కారం ఇచ్చారు. రాడార్, సోనార్‌ల సంగతి ఆయనకు తెలిసిందీ అక్కడే. యుద్ధం తర్వాత లండన్‌లో, ఊపిరందని పసిబిడ్డల కోసం శ్వాస యంత్రాలు తయారుచేస్తూ కూర్చున్నారు. యంత్రాల పిచ్చి ముందునుంచీ ఉన్న మనిషి. గ్లాస్గోలో ప్రొఫెసర్‌గా చేరింది 1954లో. కర్మాగారం తలుపు తెరుచుకోవడానికి కారణం, ఆ సంస్థ డైరెక్టర్లలో ఒకరి భార్య ఆయన దగ్గర వైద్యం చేయించుకోవడం. పరిశోధనలకు గ్రాంట్ల కన్నా రోగి కృతజ్ఞతే ముందు పనికొస్తుందని ప్రభుత్వాసుపత్రిలో పనిచేసే మాబోటి వాళ్లకు బాగా తెలుసు.

బల్ల మీది గడ్డల దగ్గర గెలిచినంత తేలిగ్గా మనుషుల దగ్గర గెలవలేదు. ఆ యంత్రాలు తయారుచేసే కెల్విన్ అండ్ హ్యూస్ కంపెనీలో టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజినీరు ఉండేవాడు. తమ పగుళ్ల యంత్రాన్ని ఎవరో ప్రొఫెసర్ రోగుల మీద వాడుతున్నాడని విని, తనే ఫోన్ చేసి వచ్చి కలిశాడు. జాన్ మెక్‌వికర్ అనే యువ డాక్టరు తోడయ్యాడు. మొదట్లో పొట్ట మీద నీళ్ల పాత్ర పెట్టి, అందులోంచి ధ్వనిని పంపేవారు. తర్వాత చర్మానికి ఆలివ్ నూనె రాసి పరికరాన్ని నేరుగా ఆనించారు. ఇప్పుడు మీ పొట్ట మీద రాసే చల్లటి జెల్‌ది కూడా అదే పని.

ఆ రోజుల్లోనే పొట్ట ఉబ్బిపోయి చిక్కి శల్యమైన ఒకామెను తీసుకొచ్చారు. కడుపులో క్యాన్సర్ అని, ఆపరేషన్‌కు కూడా లాభం లేదని అప్పటికే తేల్చేశారు. యంత్రం మాత్రం అంచులు స్పష్టంగా ఉన్న భారీ నీటితిత్తిని చూపించింది. పొట్ట తెరిస్తే అదే దొరికింది. తీసేశారు, ఆమె బతికింది. దాంతో నవ్వినవాళ్లు కాస్త తగ్గారు. 1958 జూన్ 7న ముగ్గురి పేర్లతో లాన్సెట్ పత్రికలో వ్యాసం వచ్చింది.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి ఘట్టం. పరికరాన్ని ఒకరు ఒకలా, ఇంకొకరు ఇంకోలా తిప్పితే బొమ్మ మారిపోతోందని బ్రౌన్‌కు దిగులు పట్టుకుంది. చేతి వాటం బొమ్మలోకి రాకూడదని, తనంతట తానే పొట్ట మీద తిరిగే పెద్ద ఆటోమేటిక్ స్కానర్‌ను 1960 నాటికి తయారుచేశాడు. ఖరీదెక్కువ, ఆకారం భారీ. అది నిలవలేదు. తర్వాత అమ్మకానికొచ్చిన యంత్రాలు మళ్లీ చేత్తో తిప్పేవే. బ్రౌన్ దిగులు మాత్రం ఇప్పటికీ తీరలేదు.

మొన్నీమధ్య మా మెడిసిన్ ఓపీకి నలభై రెండేళ్లామె వచ్చారు. హిమోగ్లోబిన్ 6.8. నెలనెలా విపరీతంగా రక్తం పోతోంది. ఫైబ్రాయిడ్‌కు మందులు వాడుతున్నారు. రెండు నెలల తేడాతో రెండు స్కాన్ సెంటర్లలో తీయించిన రిపోర్టులు చేతిలో ఉన్నాయి. ఒకదాంట్లో 5.8 సెంటీమీటర్లు, ఇంకోదాంట్లో 6.3. మందు పనిచేయడం లేదు, గర్భసంచి తీయించేసుకోమని ఎవరో చెప్పారట. మా రేడియాలజిస్టు రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూస్తే, కొలిచిన కోణాలే వేరు. గడ్డ పెరిగిందనడానికి ఆధారమే లేదు. ముందు ఆమె రక్తహీనత సరిచేశాం, మిగతాది గైనకాలజిస్టు చూస్తున్నారు. గర్భసంచి తొలగింపుల్లో తెలుగు రాష్ట్రాలు దేశంలోనే ముందున్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఇక్కడ అర సెంటీమీటరు తేడా చిన్న విషయమేం కాదు.

అడ్డంగా కొలిచిన ఒక్క అంకె ఇంకోలా కూడా మోసం చేస్తుంది. గుండ్రటి గడ్డ 6 సెంటీమీటర్ల నుంచి 5కు తగ్గిందంటే ఒక్క సెంటీమీటరే కదా అనిపిస్తుంది. ఘనపరిమాణం లెక్కేస్తే 113 మిల్లీలీటర్ల నుంచి 65కు పడిపోయినట్టు. నలభై శాతం పైగా తగ్గుదల. అందుకే రిపోర్టులో పొడవు, వెడల్పు, లోతు మూడూ ఉండాలి. వీలైతే ఒకేచోట తీయించుకోండి, పాత ఫిల్ములు పారేయకండి.

ఏఐని పరీక్షిస్తున్నది ఇక్కడే. ఎంఆర్ఐ బొమ్మల్లో పొర తర్వాత పొరగా గడ్డ అంచు గీసి, మొత్తం ఘనపరిమాణాన్ని ప్రతిసారీ ఒకే పద్ధతిలో లెక్కగట్టేలా ప్రోగ్రాములకు శిక్షణ ఇస్తున్నారు. గడ్డకు రక్తనాళం మూసే ఎంబొలైజేషన్ తర్వాతా, కేంద్రీకరించిన అల్ట్రాసౌండ్‌తో గడ్డను కాల్చే చికిత్స తర్వాతా, రక్తం అందని భాగం ఎంతో కొలవడం ముఖ్యం. సైజు తగ్గడానికి నెలలు పడుతుంది, రక్తం ఆగింది లేనిదీ మాత్రం ముందే తెలుస్తుంది. గడ్డలు ఎక్కువున్నా, గర్భసంచి గోడే వాచే అడినోమయోసిస్ తోడున్నా ఏఐ తడబడవచ్చు. గీసిన అంచును డాక్టరు సరిచూడాల్సిందే. నెలసరి ఆగిపోయాక గడ్డ పెరుగుతుంటే మాత్రం ఏ లెక్కల కోసమూ ఆగకుండా వెంటనే చూపించుకోవాలి.

డొనాల్డ్ కూడా తెర మీది బొమ్మను ఆపరేషన్ బల్ల మీద దొరికినదానితో పోల్చి చూసుకుంటూనే ముందుకెళ్లారు. ఆయన గుండె కవాటం చాలాకాలం నుంచి దెబ్బతిని ఉంది. మూడుసార్లు గుండె ఆపరేషన్ చేయించుకున్నారు, మధ్యలో మళ్లీ మళ్లీ డ్యూటీకి వచ్చారు. 1976లో రిటైరయ్యారు. 1987 జూన్ 19న ఎసెక్స్‌లో కన్నుమూశారు. అప్పటికి అల్ట్రాసౌండ్ యంత్రాలు గ్లాస్గో దాటి ప్రపంచమంతా తిరుగుతున్నాయి.