రెండు చాపల కుటీరం

గృహం మానవుని సంస్కారానికి దర్పణం. జపాను దేశపు సంప్రదాయ గృహం ప్రధానంగా కొయ్యతో నిర్మితమైనది. ఒక కొయ్యలో తొలిచిన రంధ్రంలోకి మరొక కొయ్య కొసను బిగువుగా ఇమిడ్చి, అనేక చోట్ల మేకుల అవసరం లేకుండానే అక్కడి వడ్రంగులు స్తంభాలను, దూలాలను కలుపుతారు. ఇంటి బరువును ఆ స్తంభాలే మోస్తాయి. అందువల్ల గోడ పలుచనిదైనా చాలును. గోడకు బదులు కాగితం అతికించిన జరుపుడు తలుపైనా చాలును. నేలమీద ‘తతామి’ అనే దళసరి చాపలు పరుస్తారు. గదిలో ఎన్ని చాపలు పడతాయో చెప్పి దాని వైశాల్యాన్ని తెలపడం ఆ దేశపు ఆచారం. కేవలం రెండు చాపలు పట్టే చిన్న గదిలో అపారమైన సౌందర్యాన్ని దర్శింపజేసి, జపాను గృహకళకు కొత్త దారి చూపిన మహనీయుడు సెన్ నో రిక్యూ.

రిక్యూ 1522వ సంవత్సరంలో ఒసాకా సమీపంలోని సకాయి రేవుపట్టణంలో ఒక వర్తక కుటుంబంలో జన్మించాడు. ఆయన చిన్ననాటి పేరు తనాకా యోషిరో. సకాయి వర్తకులు సంపన్నులు, కళాభిమానులు. అతిథికి స్వయంగా తేనీరు సిద్ధంచేసి అందించడాన్ని వారు ఒక కళగా సాధన చేసేవారు. అయితే ఆనాటి ప్రభువుల భవనాలలో తేనీటి విందు అంటే చైనా నుండి తెప్పించిన విలువైన పాత్రల ప్రదర్శనగా ఉండేది. ఆ ఆడంబరాన్ని తగ్గించాలని తలచిన గురువులలో తకెనో జోఓ ఒకడు. రిక్యూ ఆయనకు శిష్యుడయ్యాడు. జెన్ బౌద్ధాన్ని కూడ అభ్యసించాడు. లేమిలోను, నిరాడంబరతలోను అందాన్ని చూడగలిగే దృష్టిని జపానీయులు ‘వాబి’ అంటారు. ఆ దృష్టి రిక్యూ చేతిలో పరిపూర్ణత పొందింది.

ఆ కాలంలో జపాను అంతర్యుద్ధాలతో అల్లకల్లోలంగా ఉంది. దేశాన్ని ఏకం చేయడానికి పూనుకొన్న ఓదా నొబునాగా, రిక్యూను తన తేనీటి ఆచార్యులలో ఒకనిగా నియమించాడు. 1582లో నొబునాగా మరణించిన తరువాత అధికారం టొయొటొమి హిదెయోషి చేజిక్కింది. అతడు సామాన్య కుటుంబంలో పుట్టి, తన పరాక్రమంతో దేశాధినేతగా ఎదిగినవాడు. రిక్యూ అతని కొలువులో ప్రధాన ఆచార్యుడై, రాజకార్యాలలో సైతం పలుకుబడి సంపాదించాడు. 1585లో చక్రవర్తి ప్రాసాదంలో జరిగిన తేనీటి విందు సందర్భంగా ఆయనకు ‘రిక్యూ’ అనే బిరుదనామం లభించింది.

క్యోటో సమీపాన యమజాకిలో, మ్యోకియాన్ ఆలయంలో ‘తైయాన్’ అనే కుటీరం ఉంది. రిక్యూ రూపకల్పన చేసిన తేనీటి గదులలో నేటికీ నిలిచి ఉన్నది ఇదొక్కటేనని పండితుల అభిప్రాయం. దీనిని జపాను ప్రభుత్వం 1951లో జాతీయ సంపదగా ప్రకటించింది. అతిథి, ఆతిథేయి కూర్చునే గది రెండు చాపలంతే. అనగా పొడవు, వెడల్పులు సుమారు ఆరేసి అడుగులు. గోడలు మట్టితో మెత్తినవి. మట్టిలో కలిపిన గడ్డిపోచలు పైకి కనబడుతూనే ఉంటాయి. కిటికీ కావలసిన చోట మట్టి మెత్తకుండా, గోడ లోపలి తడికను అలాగే విడిచిపెట్టారు. చిత్రపటం వేలాడదీసే గూటిలో మూలలను మట్టితో గుండ్రంగా మెత్తారు. అందువల్ల గోడ ఎక్కడ ముగిసిందో కంటికి తోచదు. ఇరుకు గది విశాలంగా అనిపిస్తుంది. పైకప్పులో కొంత భాగం వాలుగా, వాసాలు కనబడేటట్లు ఉంటుంది. కాగితపు తెరల గుండా వచ్చే మెత్తని వెలుతురే ఆ గదికి అలంకారం.

ఇంతటి నిరాడంబరమైన నిర్మాణం సులభసాధ్యమని భావించరాదు. రంగుల పూతలు లేని చోట అతుకులో వెంట్రుకవాసి తేడా వచ్చినా దాగదు. సహజమైన వంపు ఉన్న కొయ్యను గోడకు అమర్చడానికి, చదరంగా చెక్కిన దూలాన్ని అమర్చడంకంటె ఎక్కువ నేర్పు కావాలి.

ఈ కుటీర ద్వారం ఎత్తు రెండడుగులకు కొంచెం మించి ఉంటుంది. ఎంతటివాడైనా తల వంచి, మోకాళ్లపై జరుగుతూ లోనికి ప్రవేశించవలసిందే. ఇటువంటి కుటీరాలలోకి వచ్చే వీరులు తమ ఖడ్గాలను వెలుపలనే ఉంచాలి. కత్తి లేని వీరుడు, మూట లేని వర్తకుడు చాపమీద సమానులు. ఖడ్గబలమే న్యాయంగా చెలామణి అవుతున్న రోజులలో అది సామాన్యమైన విషయం కాదు.

హిదెయోషికి కూడ తేనీటి కళపై అనురాగం ఉంది. కాని అతని అభిరుచి వేరు. గోడలకు, కప్పుకు బంగారు రేకు తాపించి, విడదీసి ఎక్కడికైనా తీసుకొనిపోగల మూడు చాపల గదిని చేయించాడు. 1586లో దానిని చక్రవర్తి ప్రాసాదంలో ప్రదర్శించాడు. 1587లో క్యోటోలోని కితానోలో మహా సభ ఏర్పాటుచేసి, రైతులతో సహా అందరినీ ఆహ్వానించినప్పుడు కూడ ఆ బంగారు గది అక్కడ మెరిసింది. రిక్యూ ఆ ప్రభువు సేవకుడే. ఆ వైభవాలలో పాలుపంచుకొన్నవాడే. అయినా తన కుటీరాలలో మట్టిగోడను విడువలేదు.

వారిద్దరి గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. రిక్యూ తోటలో ఉదయాన వికసించే నీలిపూల తీగలు విరగబూశాయని విని హిదెయోషి చూడవచ్చాడట. తోటలో ఒక్క పువ్వు కూడ లేదు. ఆగ్రహంతో కుటీరంలోకి వంగి ప్రవేశించగా, మసక వెలుతురులో గూటిలో ఒకే ఒక్క పువ్వు కనిపించింది. ఆ ఒక్క పువ్వుకోసం తక్కినవాటినన్నిటినీ రిక్యూ కోయించివేశాడట. ఇది కల్పన అయినా కావచ్చును. కాని ఆయన కళాదృష్టిని చక్కగా వివరిస్తుంది.

క్రమంగా ప్రభువుకు, ఆచార్యునికి మధ్య అంతరం పెరిగింది. 1589లో క్యోటోలోని దైతొకుజి ఆలయ ద్వారానికి రిక్యూ తన ధనంతో పై అంతస్తు కట్టించాడు. ఆలయంవారు కృతజ్ఞతగా ఆయన కొయ్య ప్రతిమను అందులో నిలిపారు. ఆ ద్వారం కింద నడిచే ప్రభువు, తన సేవకుని పాదాల కింద నడిచినట్లే కదా అన్నది నేరమైంది. అసలు కారణాలు వేరనే చరిత్రకారులూ ఉన్నారు. 1591లో రిక్యూను సకాయికి వెళ్లగొట్టారు. రాజాగ్రహానికి వెరచి ఎందరో మొగం చాటేసినా, ఇద్దరు శిష్యులు మాత్రం నదీతీరానికి వచ్చి వీడ్కోలు పలికారు. క్షమాభిక్ష కోరితే ప్రాణం దక్కుతుందని హితులు సూచించినా ఆయన అంగీకరించలేదని చెబుతారు. కొద్దిరోజులకే క్యోటోకు పిలిపించి, ఆత్మాహుతి చేసుకోవలసిందిగా ఆజ్ఞాపించారు. డెబ్బై ఏళ్ల వయసులో రిక్యూ ఆ ఆజ్ఞను శిరసావహించి ప్రాణత్యాగం చేశాడు.

కొన్నేళ్లకు ఆయన కుటుంబం క్యోటోకు తిరిగి రావడానికి హిదెయోషే అనుమతించాడు. మునిమనుమలు స్థాపించిన మూడు శాఖలు ఆ కళను నేటికీ కొనసాగిస్తున్నాయి. తేనీటి కుటీరాల ప్రభావంతో ‘సుకియా’ అనే గృహనిర్మాణ శైలి రూపొందింది. కొయ్య సహజరూపం, మట్టిగోడ, మృదువైన వెలుతురు దాని లక్షణాలు. పదిహేడవ శతాబ్దంలో క్యోటోలో నిర్మించిన కత్సురా రాజసౌధం ఆ శైలికి మకుటాయమానం. రాజవంశీయులు తమ విహారభవనానికి కుటీరపు నిరాడంబరతను ఎన్నుకోవడం గమనింపదగినది.

హిదెయోషి నాటి బంగారు గది నేడు లేదు. దాని నమూనాలు మాత్రమే ఉన్నాయి. రిక్యూ మట్టిగోడల కుటీరం నిలిచే ఉంది. అందులోకి వెళ్లాలంటే నేటికీ ఎవరైనా తల వంచవలసిందే.