సరోజినీ నాయుడు: జీవితంతోపాటు మారిన కవిత

సరోజినీ నాయుడు 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో పుట్టారు. తండ్రి అఘోరనాథ చటోపాధ్యాయ సైన్సులో డాక్టరేట్ పొందిన పండితుడు. కూతురు గణితంలోనో సైన్సులోనో రాణించాలని ఆయన ఆశ. పదకొండో ఏట ఆల్జీబ్రా లెక్క ఒకటి ఎంతకీ తెమలక కూర్చున్న ఆ అమ్మాయికి, జవాబుకు బదులు కవిత తట్టింది. పన్నెండేళ్ళకే మద్రాసు మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి ఏడే ఆరు రోజుల్లో 1300 పంక్తుల కావ్యం రాశారు.

1895లో నిజాం ఇచ్చిన ఉపకార వేతనంతో ఇంగ్లండు వెళ్ళి లండన్, కేంబ్రిడ్జిలలో చదివారు. అప్పటి కవితల నిండా ఇంగ్లీషు పిట్టలూ ఇంగ్లీషు పూలే. విమర్శకుడు ఎడ్మండ్ గాస్ అవి చూసి, సొంత దేశాన్ని గురించి రాయమని సలహా ఇచ్చారు.

1898లో తిరిగివచ్చి డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని కులాంతర వివాహం చేసుకున్నారు. హైదరాబాదులో కాపురం, నలుగురు పిల్లలు, తరచూ అనారోగ్యం. అయినా కవిత్వం విరగబూసింది ఆ ఇంట్లోనే. పల్లకీ బోయీలు, నేతగాళ్ళు, గాజులమ్మేవాళ్ళు, నగరంలోని బజార్లు ఆమె పాటల్లోకి నడిచివచ్చారు. 1905లో ఒకటి, 1912లో మరొకటి కవితా సంపుటాలు వెలువడ్డాయి.

1908 మూసీ వరదల్లో సహాయక సేవతో ఆమె ఇంటి గడప దాటి జనం మధ్యకు వచ్చారు. 1915లో తండ్రినీ, రాజకీయ గురువు గోఖలేనీ కోల్పోయారు. 1917లో వచ్చిన మూడో సంపుటంలో ఆ దుఃఖం, యుద్ధంలో నేలకొరిగిన భారత సైనికుల స్మృతి కనిపిస్తాయి. గాజుల గలగల తగ్గి గొంతు బరువెక్కింది.

ఆ తరువాత ఆమె జీవించి ఉండగా మరో కొత్త సంపుటం రాలేదు. వేదికలు, 1925లో కాన్పూరు కాంగ్రెస్ అధ్యక్ష పదవి, 1930లో ధరాసనా ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు, స్వాతంత్ర్యం వచ్చాక సంయుక్త రాష్ట్రాల గవర్నరు బాధ్యత. 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు. రాజకీయం ఒక కవయిత్రిని మింగేసిందని బాధపడేవారు ఉన్నారు.

కానీ 1927లో, అంత హడావుడి మధ్యనే, 48వ ఏట ఆమె మళ్ళీ కవితలు రాసుకున్నారు. కుమార్తె పద్మజ వాటిని 1961లో పుస్తకంగా తెచ్చేదాకా లోకానికి అందలేదు.

మన బడి గోడపత్రికకు పద్యాలు రాసి, ఉద్యోగం, సంసారం, ఈఎంఐల మధ్య కలం పక్కన పెట్టినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. ఇప్పుడు యాభైలు దాటాం. మన చేతికి వచ్చే మాటలు అప్పటివి కావు, అప్పటిలా ఉండక్కర్లేదు కూడా. వచ్చే సంచిక కోసం ఎవరైనా మళ్ళీ రాస్తే, మొదట చదివేవాణ్ణి నేనే.