బొమ్మల సైన్యానికి అధిపతి – మూడవ సాలార్‌జంగ్



వార్షికోత్సవ సంచిక అనగానే ఒక మహనీయుని జీవిత చరిత్ర ఉండాలి. సాధారణంగా కష్టాల్లో పుట్టి, వీధి దీపాల కింద చదువుకుని పైకి వచ్చిన వారి గురించి రాస్తుంటాం. ఈసారి మేము ఎంచుకున్న వ్యక్తి అలాంటివారు కాదు. ఆయన పుట్టుకతోనే నవాబు. ఆయన కష్టపడి సంపాదించింది తక్కువ, కొన్నది ఎక్కువ. అయినా ఆయన గురించి రాయాలని మాకు ఎందుకు అనిపించిందో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మేము పదో తరగతిలో ఉండగా మా వార్డెన్ సారు మమ్మల్ని హైదరాబాద్ విహారయాత్రకు తీసుకువెళ్ళారు. ఎ.కొండూరు దాటి తిరువూరు తప్ప వేరే పట్నం చూడని వాళ్ళం మాలో సగం మంది. చార్మినార్ చూశాం, గోల్కొండ ఎక్కాం. సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగం దగ్గర మాత్రం ఎవరూ కదల్లేదు. అద్దాల వెనుక బొమ్మల సైనికులు బారులు తీరి నిలబడ్డారు. బొటనవేలంత ఉన్నా ఒక్కొక్కరికీ యూనిఫాం, టోపీ, తుపాకీ అన్నీ ఉన్నాయి. బొమ్మ రైలు ఉంది. సారు మూడుసార్లు పిలిచాక బయటికి వచ్చాం.

ఎవరి కోసం కొన్నారు ఇవన్నీ అని అడిగాడు మాలో ఒకడు. ఆయనకు పెళ్ళి కాలేదు, పిల్లలు లేరు అని చెప్పారు సారు. ఆ మాట మాకు అప్పటి నుంచి మనసులో ఉండిపోయింది.

నెల నిండని పసివాడు

ఆయన అసలు పేరు నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్. 1889 జూన్ 13న పూణేలో జన్మించారు. తాతగారు మొదటి సాలార్‌జంగ్, 1853 నుంచి 1883లో చనిపోయేదాకా నిజాం రాజ్యానికి దివాన్‌గా పనిచేసి, పన్నుల వసూళ్ళనూ పరిపాలననూ గాడిలో పెట్టిన మేధావి. తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్, రెండవ సాలార్‌జంగ్, ఆయన కూడా దివానే. కాని పిల్లవాడికి నెల నిండకుండానే తండ్రి చనిపోయారు. అలా పేరు, ఆస్తి, జాగీర్లు అన్నీ ఆ పసివాడి మీద పడ్డాయి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆదరణలో పెరిగారు. నిజాం కళాశాలలో చదువుకున్నారు.

తండ్రి లేని పిల్లలు మన హాస్టల్‌లో ఎప్పుడూ కొందరు ఉంటారు. ఆయన లేమికీ మన లేమికీ పోలిక పెట్టడం లేదు. ఆయనకు దివాన్ దేవిడీ అనే పెద్ద మహలు ఉంది, నౌకర్లు ఉన్నారు. కాని తండ్రి ముఖం గుర్తులేని పిల్లవాడు బొమ్మలను ఎందుకు అంతగా ఇష్టపడతాడో మనవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు.

23 ఏళ్ళకు దివాన్

1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయనను ప్రధానమంత్రిగా నియమించారు. అప్పటికి ఆయన వయస్సు 23 ఏళ్ళు. ఈ వ్యాసం రాస్తున్న మాకూ ఇప్పుడు అంతే వయస్సు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిమి మేమే. పి.జి. చదువుతూ ఉద్యోగాల దరఖాస్తులు నింపుకుంటున్నాం. అదే వయసులో ఆయన చేతికి ఒక రాజ్యం వచ్చింది. తాత పేరు ఎంత పనిచేస్తుందో, ఆ పేరు లేనివాడికి మెట్లు ఎన్ని ఉంటాయో ఇక్కడే అర్థమవుతుంది.

కాని ఆ పదవి రెండేళ్ళే నిలిచింది. 1914 నవంబరులో ఆయన తప్పుకున్నారు. అంతకు ముందు జూలై నెలాఖరులోనే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. హైదరాబాద్ లాన్సర్లు అనే గుర్రపు దళం ఈజిప్టుకు బయలుదేరింది. మైసూరు, జోధ్‌పూర్ దళాలతో పాటు ఆ దళం జ్ఞాపకంగానే ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర మూడు సైనిక విగ్రహాలు నిలిపారు. గుర్రాలు, ఈటెలతో యుద్ధం చేసే కాలం అదే చివరిది. 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులో మొదటిసారిగా ట్యాంకులు యుద్ధంలోకి వచ్చాయి. రహస్యం బయటపడకుండా నీళ్ళు మోసే తొట్టె అని నమ్మించడానికి ఇంగ్లీషువాళ్ళు దానికి ట్యాంకు అని పేరు పెట్టారు. మన ఎ.కొండూరు తండాల్లో ట్యాంకర్ అంటే నేటికీ మంచినీళ్ళ బండే. ఒకే మాట, రెండు లోకాలు!

బొమ్మల లోకం

పదవి వదిలిన తరువాత 35 ఏళ్ళపాటు ఆయన చేసిన పని ఒక్కటే, వస్తువులు సేకరించడం. ఐరోపా వెళ్ళారు, పశ్చిమాసియా దేశాలు తిరిగారు. ఆయన కొంటారని తెలిసి దేశదేశాల వ్యాపారులు దివాన్ దేవిడీ గుమ్మం ముందుకు వచ్చేవారు. చిత్రాలు, దంతపు వస్తువులు, పింగాణీ, గడియారాలు, కత్తులు, వ్రాతప్రతులు... వాటి మధ్యనే బొమ్మలు కూడా. అద్దాల గదికి ఐనాఖానా అని, పింగాణీ గదికి చీనీఖానా అని మహల్లో పేర్లుండేవి.

ఆ కాలంలో బొమ్మల సైన్యాలు సేకరించడం పెద్దవాళ్ళ సరదా కూడా. దానికి కారణం ఉంది. అంతకుముందు జర్మనీ నుంచి వచ్చే సీసపు సైనికులు గట్టి సీసంతో, బరువుగా, ఖరీదుగా ఉండేవి. 1893లో లండన్‌కు చెందిన విలియం బ్రిటన్ అనే తయారీదారు లోపల బోలుగా ఉండేలా పోతపోయడం మొదలుపెట్టాడు. సీసం తక్కువ పట్టింది, ధర తగ్గింది. ఆ సైనికుడి ఎత్తు 54 మిల్లీమీటర్లు. అంటే 5 అడుగుల 8 అంగుళాల మనిషిని 32వ వంతుకు కుదిస్తే సరిగ్గా అంత వస్తాడు. తర్వాత గుర్రాలు లాగే అంబులెన్సు బళ్ళు, ఫిరంగి బళ్ళు, లారీలు అన్నీ ఆ కొలతలోనే వచ్చాయి. సీసం విషమని తెలిసి 1966లో ఆ పోత ఆపేశారు.

ఆ సరదా ఇప్పటికీ పోలేదు. ప్లాస్టిక్ ముక్కలు అతికించి యుద్ధ వాహనాల నమూనాలు చేసేవాళ్ళు లోకమంతా ఉన్నారు. ఫలానా ట్యాంకుకు చక్రాలెన్ని, ఫలానా లారీ ఏ రంగు అని గంటలకొద్దీ వాదించుకుంటారు. వాళ్ళు ఎక్కువగా వాడే 35వ వంతు కొలత పుట్టుక వింటే నవ్వొస్తుంది. 1960ల మొదట్లో జపాన్‌లో తమియా అనే కంపెనీ పాంథర్ అనే జర్మన్ ట్యాంకు బొమ్మ చేసింది. లోపల మోటారు, బ్యాటరీలు పట్టాలి కదా, పట్టేంత సైజులో చేశారు. తరువాత కొలిస్తే అది అసలు ట్యాంకులో సుమారు 35వ వంతు అని తేలింది. అదే లోకానికి కొలత అయింది!

తమ్ముళ్ళారా, ఈ విద్య మనకు కొత్త కాదు. తాటికాయలను పుల్లకు గుచ్చి బండి చేసినవాళ్ళం మనం. జొన్నబెండుతో ఎడ్లబండి, అగ్గిపెట్టెలతో లారీ, చెరువుమట్టితో ఎద్దులు చేశాం. మనకు దగ్గరలోనే కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో అంబారీ ఏనుగును చెక్కే చేతులున్నాయి. అసలు బండిని చూసి కొలత మనసులో పెట్టుకుని చిన్నది చేయడమే నమూనా. మనం చేసినవి వానకు కరిగిపోయాయి, ఆయన కొన్నవి అద్దాల వెనుక ఉన్నాయి. తేడా అంతే.

అసలు సైన్యం వచ్చిన రోజు

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి ప్రవేశించింది. షోలాపూర్ వైపు నుంచి ట్యాంకులు వచ్చాయి. మన విజయవాడ వైపు నుంచి మరొక దళం మునగాల, సూర్యాపేట దారిన కదిలింది. అయిదు రోజుల్లో నిజాం పాలన ముగిసింది. బొమ్మల సైన్యాన్ని బారులు తీర్చుకున్న నవాబు తన కళ్ళముందే అసలు సైన్యాన్నీ, తన వర్గం కాలం తీరిపోవడాన్నీ చూశారు. 1949 మార్చి 2న ఆయన కన్నుమూశారు. ఆ ఏడాది ఆగస్టులోనే జాగీర్దారీ రద్దయింది.

వీలునామా పట్టుకుని వచ్చే కొడుకు లేడు. ఆ వస్తువులు చెల్లాచెదురు కాకుండా ప్రభుత్వం పూనుకుంది. డాక్టర్ జేమ్స్ కజిన్స్ అనే కళాభిజ్ఞుడి సహాయంతో దివాన్ దేవిడీలోనే అమర్చారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు మ్యూజియాన్ని ప్రారంభించారు. 1958లో వారసులతో రాజీ కుదిరింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మారింది.

మనం ఏం నేర్చుకోవాలి?

ఆయనను ఆకాశానికి ఎత్తడం మా ఉద్దేశం కాదు. ఆ బొమ్మల ఖరీదు జాగీరు రైతులు కట్టిన శిస్తులోంచి వచ్చింది. ఆ ఊళ్ళలో దున్నినవాళ్ళలో మన తాతలవంటి వాళ్ళు ఎందరో ఉంటారు. వాళ్ళ పిల్లలకు ఒక్క సీసపు సైనికుడైనా దొరికి ఉండడు. ఈ లెక్క మరిచిపోయి చరిత్ర చదవకూడదు.

అయితే ఇంకో లెక్క కూడా ఉంది. అంత సంపద ఉన్నవాళ్ళు ఆ రోజుల్లో చాలామంది ఉన్నారు. గుర్రప్పందాలకూ, విందులకూ పోయిన డబ్బు ఎవరికీ మిగల్లేదు. ఈయన కొన్నవి మిగిలాయి. ఎవరి చెమటతో కొన్నారో వాళ్ళ మనవళ్ళం టిక్కెట్టు కొనుక్కుని, చెప్పులరిగిన కాళ్ళతో వెళ్ళి, ముక్కు అద్దానికి ఆనించి చూశాం. పిల్లలు లేని ఆయన బొమ్మలు ఎవరి కోసం కొన్నారో తెలియదుగాని, చివరికి అవి మనకే దక్కాయి.

ఆ మ్యూజియంలో పేరుపొందిన గడియారం ఒకటుంది. ప్రతి గంటకూ ఒక బొమ్మ కాపలాదారు తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళతాడు. జనమంతా అతన్ని చూడటానికే కూర్చుంటారు. అదే గడియారంలో ఒక కమ్మరి బొమ్మ క్షణం ఆగకుండా సుత్తి వేస్తూ ఉంటుంది. సెకన్లు కొట్టేది అతనే. మా వార్డెన్ సారు మాకు ఆ కమ్మరిని చూపించారు. మీరు వెళ్ళినప్పుడు మీరూ చూడండి, మీ వెనక వచ్చే తమ్ముళ్ళకు చూపించండి.

ఈ సంవత్సరం హాస్టల్‌లో ఒక చిన్న అలమర పెట్టాలని పూర్వ విద్యార్థులం అనుకుంటున్నాం. తాటికాయ బండి, జొన్నబెండు ఎడ్లబండి, అగ్గిపెట్టె లారీ, ఎవరు ఏది చేస్తే అది అందులో ఉంచుదాం. చేసినవాడి పేరు, ఊరు, తరగతి రాసిన చీటీ కూడా అంటిద్దాం. మనవి కూడా వానకు కరిగిపోకుండా ఉండాలి కదా!



పూర్వ విద్యార్థి, పి.జి.
ఎ.కొండూరు