బడికే అంకితమైన జాకిర్ హుస్సేన్

డాక్టర్ జాకిర్ హుస్సేన్ పేరు వినగానే మనకు రాష్ట్రపతి భవన్ గుర్తొస్తుంది. ఆ భవనంలో ఆయన ఉన్నది రెండేళ్ళకు లోపే. ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియాను నడిపింది మాత్రం 22 ఏళ్ళు. ఆ రోజుల గురించి మన ఇళ్ళలో చెప్పుకునేది తక్కువ.

ఆయన 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో జన్మించారు. తండ్రి పేరున్న వకీలు. పదేళ్ళకే తండ్రి నీడ పోయింది. 1911లో ప్లేగు తల్లిని కూడా తీసుకుపోయింది. యతీముగా ఇటావా ఇస్లామియా హైస్కూలు హాస్టల్లో చదువుకున్నారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపు విని అలీగఢ్ కళాశాల వదిలి, కొత్తగా పుట్టిన జామియాలో చేరారు. జర్మనీలో డాక్టరేటు పూర్తిచేసి 1926లో తిరిగివచ్చి దాని బాధ్యత భుజానికెత్తుకున్నారు.

సర్కారు సాయం పుచ్చుకోని సంస్థ అది. 1927 చివర్లో హకీం అజ్మల్ ఖాన్ కన్నుమూయడంతో ఆదుకునే చెయ్యి కూడా లేకపోయింది. మూసేయడమే మేలన్నవారు లేకపోలేదు. అప్పుడు జాకిర్ సాహెబు, ఆయన సహచర ఉపాధ్యాయులు కొందరు కలిసి ప్రమాణం చేశారు: నెలకు 150 రూపాయలకు మించి పుచ్చుకోకుండా 20 ఏళ్ళు ఇక్కడే సేవ చేస్తామని. ఆ కొద్ది జీతమూ చాలాసార్లు చేతికందేది కాదు. త్యాగం గురించి ఆ పిల్లలకు వేరే పాఠం ఏం కావాలి?

అక్కడి ప్రాథమిక పాఠశాలలో పిల్లలే చిన్న బ్యాంకు, దుకాణం నడిపేవారు. 1935లో ఓఖ్లాలో సొంత భవనానికి పునాది రాయి వేయించింది ఏ నవాబు చేతా కాదు, బడిలో అందరికంటే చిన్న పిల్లవాడి చేత. మాసిన బూట్లతో వచ్చే విద్యార్థుల కోసం జాకిర్ సాహెబే బ్రష్షు, పాలిష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒకనాడు ఆయన పిల్లలకు మిఠాయి పంచుతున్నారు. నౌకరు వచ్చి, మూడేళ్ళ కూతురు రేహానాకు బాగా జబ్బు చేసిందని చెవిలో చెప్పాడు. ఆయన పంచుతూనే ఉన్నారు. కాసేపటికి మళ్ళీ వచ్చి, పాప చనిపోయిందన్నాడు. ముఖం పాలిపోయింది కాని చెయ్యి ఆగలేదు. చివరి పిల్లవాడికి కూడా మిఠాయి అందాకే సంగతి అందరికీ తెలిసింది. పసివాళ్ళ సంతోషాన్ని మధ్యలో చెరపడానికి ఆయనకు మనసు రాలేదట. సబ్ర్ అనే మాటకు అర్థం మనం ఎన్నో పుస్తకాల్లో వెతుకుతాం. తర్వాత పిల్లల కోసం రాసిన కథలను ఆయన రుఖయ్యా రేహానా పేరుతో అచ్చువేయించారు. ఆ పేరు ఆ బిడ్డదే.

1946 నవంబరులో జామియా రజతోత్సవం జరిగింది. దేశం మతకల్లోలాలతో మండుతున్న సమయమది. మాటలు కూడా కరువైన నెహ్రూను, జిన్నాను ఆయన ఒకే వేదిక మీదికి రప్పించారు. చుట్టూ ద్వేషం రగులుతుంటే పసిపిల్లలకు మంచితనం నేర్పడం తమకెలా సాధ్యమని, ముందు ఈ మంటలు ఆర్పమని నాయకులను వేడుకున్నారు. మంటలు ఆరలేదు. మరుసటి ఏడు జలంధర్ రైల్వే స్టేషన్లో అల్లరిమూక ఆయన్నే చుట్టుముట్టింది. ఒక సిక్కు సైనికాధికారి, ఒక హిందూ రైల్వే ఉద్యోగి ఆయన ప్రాణం కాపాడారు.

1948లో అలీగఢ్ విశ్వవిద్యాలయానికి, అటు తర్వాత బీహారు గవర్నరుగిరీకి, 1967లో రాష్ట్రపతి పదవికి వెళ్ళారు. 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. ఆయన సమాధి జామియా ఆవరణలోనే ఉంది.